ఆటల పీరియడ్‌లో పిల్లలందరూ ఆడేలా చేయడం ఎలా?

"మా క్లాసులో ఒక అబ్బాయి వీల్‌చైర్‌లో ఉంటాడు, వాడితో ఏం ఆడించాలి?" "ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ప్రతిసారీ ఏదో ఒక నొప్పి చెప్పి పక్కన కూర్చుంటారు, ఎలా రప్పించాలి?" "బంతి ఎప్పుడూ ఆ అయిదుగురి దగ్గరే తిరుగుతుంది, మిగతావాళ్ల సంగతేంటి?"

పీఈ టీచర్లు, పాఠాలతో పాటు ఆటలూ చూసుకునే ప్రైమరీ టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ మూడూ ఒక్కచోటి నుంచే వస్తున్నాయి. ఆటను ముందే ఖాయం చేసేసి, పిల్లల్ని అందులో ఇమడమంటున్నాం. ఇమడలేనివాళ్లు పక్కన కూర్చుంటున్నారు. కాబట్టి మార్చాల్సింది ఆటను. ఎలా మార్చాలో, మార్చాక ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలో కింద రాశాను.

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడతాను. స్టెఫనీ బెనీ, టిమ్ ఫ్లెచర్, డీర్డ్రె నీ క్రోనిన్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. పిల్లలకు వ్యాయామ విద్య అర్థవంతంగా అనిపించాలంటే అయిదు విషయాలు ముఖ్యమని అందులో తేల్చారు: తోటివాళ్లతో కలిసి ఆడటం, సరదా, తన స్థాయికి తగిన సవాలు, ఒంటితో ఏదో ఒకటి బాగా చేయగలుగుతున్నానన్న నమ్మకం, నేర్చుకున్నది తన జీవితానికి పనికొస్తుందన్న భావన. ఈ అయిదూ గుర్తుంటే చాలు, కింది పనులన్నీ వీటి కోసమే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

క్లాసు లిస్టు, దాని పక్కన ఆరోగ్య వివరాలు. ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య, డయాబెటిస్, ఇటీవల జరిగిన ఆపరేషన్ల గురించి తల్లిదండ్రుల్ని అడిగి రాసుకోండి. ఈ కాగితం మీ దగ్గరే ఉండాలి, పిల్లల చేతికి వెళ్లకూడదు.

రకరకాల బంతులు. ఒకే రకం ఇరవై ఉండేకన్నా అయిదు రకాలు నాలుగేసి ఉంటే మేలు. పెద్దది, చిన్నది, మెత్తది, బరువైనది, గాలి సగమే నింపినది ఉండేలా చూసుకోండి. చూపు తక్కువున్న పిల్లల కోసం చప్పుడు చేసే బంతి కావాలి. దొరక్కపోతే మామూలు బంతిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టండి, దొర్లేటప్పుడు గరగరమంటుంది.

గీతలకు సుద్ద, కోన్లు (లేకపోతే ఇసుక నింపిన సీసాలు), పొడవాటి తాడు, రంగు గుడ్డ పట్టీలు, ఒక చిన్న జెండా. ఒక నోట్‌బుక్, పెన్ను. ఇంతే. ఖరీదైన సామాను లేకపోవడం వల్ల ఈ పని ఆగదు.

ఇక చేయాల్సిన పనులు

1. ముందు పిల్లల్ని అడగండి

కొత్త క్లాసు మొదలైన వారంలోనే ప్రతి ఒక్కరితో చిన్న కాగితం మీద రాయించండి. ఏ ఆటలంటే ఇష్టం? ఆటల పీరియడ్‌లో ఎప్పుడు బాగా అనిపించింది? ఎప్పుడు వెళ్లిపోవాలనిపించింది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు ఎక్కువ పనికొస్తాయి. "జట్లు వేసేటప్పుడు నన్ను ఆఖర్లో పిలుస్తారు", "బంతి మొహానికి తగులుతుందని భయం", "అందరి ముందు బట్టలు మార్చుకోవాలంటే ఇబ్బంది" లాంటివి రాస్తారు. పక్కన కూర్చునేవాళ్లను బద్ధకస్తులనుకునే టీచరుకు అసలు కారణం అక్కడ కనిపిస్తుంది.

వైకల్యం ఉన్న పిల్లాడి విషయంలో జబ్బు పేరు తెలిసినంత మాత్రాన ప్లాన్ తయారవదు. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు పూర్తిగా వేర్వేరు పనులు చేయగలరు. "నువ్వు ఏమేం చేయగలవు? ఏది ప్రయత్నించాలనుంది? ఎక్కడ సాయం కావాలి?" అని వాడినే అడగండి, తర్వాత తల్లిదండ్రుల్ని అడగండి. అందరి ముందు మాత్రం అడగకండి.

2. ఆ రోజుకు ఒక్క లక్ష్యం పెట్టుకోండి

"ఈ రోజు ఫుట్‌బాల్" అనేది లక్ష్యం కాదు. "ఖాళీగా ఉన్న తోటి ఆటగాణ్ణి చూసి బంతి అందించడం" అనేది లక్ష్యం. ఇలా రాసుకుంటే బంతిని కాలితో తన్నినా, చేత్తో విసిరినా, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి అందించినా పాఠం జరిగినట్టే. లక్ష్యం స్పష్టంగా ఉంటే మిగతా వాటిలో దేన్ని మార్చడానికైనా మీకు వీలుంటుంది.

3. నాలుగు వైపుల నుంచి ఆటను మార్చండి

చోటు, పని, పరికరం, మనుషులు. చాలా దేశాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేర్పే పద్ధతి ఇది. ఏ పిల్లాడైనా ఆటలో నిలవలేకపోతే ఈ నాలుగింటిలో ఏది మారిస్తే నిలుస్తాడో చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బంతి పోగొట్టుకోకుండా వరసగా అయిదుసార్లు అందించుకుంటే ఒక పాయింటు, ఇదీ ఆట. క్లాసులో ఊతకర్రలతో నడిచే ఒక పాప, చూపు తక్కువున్న ఒక బాబు, బంతంటే భయపడే ఒకరు, బాగా ఆడే నలుగురు ఉన్నారనుకోండి.

మొదట మనుషుల సంఖ్య చూడండి. ముప్ఫై మందికి ఒకే బంతి ఇచ్చి ఇరవై నిమిషాలు ఆడిస్తే, బంతి అందరికీ సమానంగా దక్కినా ఒక్కొక్కరి వాటాకు 40 సెకన్లే వస్తాయి. అదే ముగ్గురికి ముగ్గురు చొప్పున అయిదు ఆటలు పక్కపక్కన పెడితే ఒక్కొక్కరికి 200 సెకన్లు. వేరే ఏ మార్పూ చేయకపోయినా ఈ ఒక్కదానితోనే క్లాసు సగం దారిలో పడుతుంది. చోటు చాలకపోతే రెండు ఆటలు నడిపించి, మిగతావాళ్లకు గోడ దగ్గర బంతి అందించుకునే పని పెట్టండి.

తర్వాత చోటు. ఒక పక్కన సుద్దతో వెడల్పాటి పట్టీ గీయండి. అందులో ఉన్న ఆటగాడి దగ్గర నుంచి ఎవరూ బంతి లాక్కోకూడదు, మూడు లెక్కపెట్టేదాకా ఆగాలి. ఊతకర్రల పాపకు బంతి అందుకుని, నిలదొక్కుకుని, చుట్టూ చూసుకోవడానికి సమయం దొరుకుతుంది. ఆ పట్టీలోకి ఎవరైనా వెళ్లొచ్చని చెప్పండి. అలా చెప్పకపోతే అది ఆ పాప కోసం గీసిన గీత అని అందరికీ తెలిసిపోతుంది.

పరికరం. గాలి సగమే నింపిన పెద్ద బంతి మెల్లగా వస్తుంది, తగిలినా నొప్పి ఉండదు, పట్టుకోవడం తేలిక. చూపు తక్కువున్న బాబున్న గుంపుకు సంచిలో కట్టిన బంతి ఇచ్చి, విసిరే ముందు వాడి పేరు పిలవాలనే నియమం పెట్టండి. నేల రంగుకు, బంతి రంగుకు బాగా తేడా ఉండాలి.

ఇక పని. ఇక్కడ ఒక హెచ్చరిక. "జట్టులో అందరూ ఒకసారి బంతి ముట్టుకుంటేనే పాయింటు" అన్న నియమం వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆటలో మాత్రం ఆఖరివాడి మీద అందరి చూపూ పడుతుంది, వాడి చేతిలోంచి బంతి జారితే పాయింటు పోయిందని అందరూ వాణ్ణే అంటారు. అందుకని అందరూ ముట్టుకుంటే అదనంగా ఒక పాయింటు అని పెట్టండి. ప్రయత్నించడానికి కారణం ఉంటుంది, తప్పితే పోయేదేమీ ఉండదు.

నాలుగూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి అయిదు నిమిషాలు చూడండి, చాలకపోతే ఇంకొకటి. ఆట మరీ తేలికైపోయి బాగా ఆడేవాళ్లకు విసుగొస్తే వాళ్లకూ ఒక మార్పు పెట్టండి: ఎడమ చేత్తోనే అందించాలి, లేదా రెండు సెకన్లకు మించి బంతి దగ్గర ఉంచుకోకూడదు. అందరినీ కలుపుకోవడం అంటే వాళ్లను కూడా కలుపుకోవడమే.

4. ఎంపిక పిల్లల చేతికి ఇవ్వండి

వ్యాయామ విద్య బోధన మీద విస్తృతంగా పనిచేసిన మస్కా మాస్టన్ చూపించిన ఏటవాలు తాడు ఉదాహరణ నాకు చాలా ఇష్టం. తాడును సమానమైన ఎత్తులో పట్టుకుని పిల్లల్ని దూకమంటే, దూకలేనివాళ్లు ఒక్కొక్కరే పక్కకు వెళ్లిపోతారు. ఎత్తు పెంచిన కొద్దీ, ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే ముందు బయటికి వెళ్తారు. అదే తాడును ఒక చివర చీలమండ ఎత్తులో, రెండో చివర నడుము ఎత్తులో పట్టుకోండి. ఎవరు ఎక్కడ దూకాలో వాళ్లే ఎంచుకుంటారు, ఎవరూ బయటికి వెళ్లరు.

కాసేపు పక్కన నిలబడి గమనించండి. తక్కువ ఎత్తులో రెండుసార్లు దూకిన పిల్లాడు మూడోసారి వరసలో నిలబడి తాడు మీద ఇంకో అడుగు అవతలి చోటును చూస్తుంటాడు. మీరు చెప్పకుండానే అక్కడికి జరుగుతాడు. కొందరు మరీ ఎత్తు ఎంచుకుని తగిలించుకుంటారు, తర్వాత కిందికి వస్తారు. తన స్థాయిని తనే కొలుచుకోవడం అంటే ఇదే, పరీక్ష పెట్టి మీరు చెప్పేదానికన్నా బాగా గుర్తుంటుంది. "నువ్వు ఇంకా పైన దూకగలవు" అని తొందరపెట్టకండి.

జాగ్రత్త: తాడు చివరల్ని దేనికీ కట్టకండి, కాలు తగిలితే జారిపోయేలా వదులుగా పట్టించండి.

దూకలేని పిల్లలున్న క్లాసులో ఇదే పద్ధతిని విసరడానికి వాడొచ్చు. నేల మీద రింగులు పెట్టి, మూడు నాలుగు దూరాల్లో గీతలు గీయండి. ఏ గీత దగ్గర నుంచి విసరాలో, ఏ బంతి వాడాలో పిల్లలే ఎంచుకుంటారు. వీల్‌చైర్‌లో ఉన్న బాబు, క్లాసులో అందరికన్నా బలంగా విసిరే పాప ఒకే వరసలో నిలబడతారు.

5. వైకల్యం ఉన్నవాళ్ల ఆటలు అందరికీ పెట్టండి

వైకల్యం ఉన్నవాళ్ల కోసం పుట్టిన ఆటలు అందరికీ మంచి ఆటలే. సిటింగ్ వాలీబాల్ 1956లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. బంతి ఆడేటప్పుడు పిరుదులు నేలకు ఆని ఉండాలి, నెట్ ఎత్తు మగవాళ్లకు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05 మీటర్లు. నెట్ లేకపోతే రెండు కుర్చీల మధ్య తాడు చాలు. ఎత్తున్న పిల్లలకు అలవాటైన లాభం ఇక్కడ చాలావరకు తగ్గిపోతుంది, అందరూ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

గోల్‌బాల్‌ను 1946లో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం తయారుచేశారు. ముగ్గురేసి జట్టు, లోపల గంటలున్న బంతి, ఆటగాళ్లందరికీ కళ్లకు గంతలు. చప్పుడు వినబడాలి కాబట్టి చూసేవాళ్లు నోరు మెదపకూడదు. అల్లరి క్లాసు కూడా ఈ ఆటలో నిశ్శబ్దంగా ఉండటం నేర్చుకుంటుంది. బోచ్చా అయితే ఇంకా తేలిక: తెల్ల బంతి ఒకటి ముందు విసిరి, దానికి వీలైనంత దగ్గరగా మిగతా బంతులు చేర్చాలి. చేత్తో వేయొచ్చు, కాలితో వేయొచ్చు, పట్టు లేనివాళ్లు వాలుబల్ల మీద నుంచి దొర్లించొచ్చు.

వీటిని ఒక్క పిల్లాడి కోసం పెట్టామని ప్రకటించకండి. మామూలు పాఠంలా రెండు మూడు వారాలు నడిపించండి.

6. జట్లు మీరే వేయండి

ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకునే పద్ధతి పూర్తిగా మానేయండి. రంగు పట్టీలు ముందే పంచేయండి, లేదా పుట్టిన నెలను బట్టి విడదీయండి. ఒకరికొకరు ధైర్యమిచ్చే స్నేహితుల్ని మాత్రం ఒకే జట్టులో ఉంచండి.

7. చెప్పండి, చూపించండి, ముట్టుకోనివ్వండి

నోటితో చెప్పింది ఒక్కటే సరిపోదు. వినికిడి తక్కువున్న పిల్లలకు మీ మొహం కనబడాలి, సూర్యుడు మీ వెనకాల ఉండకూడదు. విజిల్‌తో పాటు జెండా కూడా ఎత్తండి. చూపు తక్కువున్నవాళ్లకు ఆట మొదలవక ముందే మైదానమంతా నడిపించి చూపించండి. గీత కింద సన్నటి తాడు పెట్టి టేపు అంటిస్తే కాలికి తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఏం జరగబోతోందో వరసగా బొమ్మల్లో చూపిస్తే టెన్షన్ తగ్గుతుంది. విజిల్ మోత కొందరు భరించలేరు, అలాంటి క్లాసులో చేయి ఎత్తడమే సంకేతంగా పెట్టుకోండి.

8. భద్రత

ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ మైదానంలోనే ఉండాలి, ఆఫీసు గదిలో కాదు. వాళ్లకు వార్మప్ మెల్లగా, కొంచెం ఎక్కువసేపు చేయించండి. డయాబెటిస్ ఉన్న పిల్లల దగ్గర గ్లూకోజ్ అందుబాటులో ఉంచండి. ఫిట్స్ వచ్చే పిల్లలు చాలా ఆటలు ఆడొచ్చు. ఈత, ఎత్తులు ఎక్కడం లాంటివాటిలో మాత్రం వాళ్లనే కనిపెట్టుకుని ఒకరు ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగపు ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది కాబట్టి డాక్టరు సరేననేదాకా పల్టీలు, తలతో బంతి కొట్టడం వద్దు. వెన్నుపాము దెబ్బతిన్న కొందరికి ఆ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఎండలో ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. నీడ, నీళ్లు చూసుకోండి. వీల్‌చైర్‌ను అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు, తొయ్యకూడదు.

9. ఆఖరి అయిదు నిమిషాలు వదిలిపెట్టకండి

గుండ్రంగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి. "ఈ రోజు ఏ నియమం మారిస్తే ఆట ఇంకా బాగుండేది?" పిల్లలు చెప్పిన మార్పుల్లో ఒకదాన్ని వచ్చే పీరియడ్‌లో తప్పకుండా అమలు చేయండి. చేయకపోతే రెండోసారి అడిగినప్పుడు ఎవరూ నోరు విప్పరు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అవుటైతే బయట కూర్చోబెట్టడం. ఎవరికి ఆడటం ఎక్కువ అవసరమో వాళ్లే ముందు అవుటవుతారు, పీరియడంతా చూస్తూ గడుపుతారు. అవుటైనవాళ్లు పక్కన అయిదు గెంతులు వేసి, లేదా గోడకు పదిసార్లు బంతి విసిరి పట్టుకుని తిరిగి ఆటలోకి రావాలని పెట్టండి.

వైకల్యం ఉన్న పిల్లాడికి స్కోరు రాసే పని, లేదా విజిల్ ఇవ్వడం. ఇది దయతోనే చేస్తారు. కానీ ప్రతి పీరియడ్‌లోనూ అదే పని అయితే వాడికి ఆటల పీరియడ్ లేనట్టే. స్కోరు రాయడం అందరికీ వంతులవారీగా రావాలి.

గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించడాన్ని శిక్షగా వాడటం. పరుగంటే ఇష్టం పెంచాల్సిన మనమే పరుగంటే అవమానం అని నేర్పుతున్నాం. ఇది ఈ రోజే ఆపేయండి.

అందరి ముందు ఫిట్‌నెస్ టెస్టులు పెట్టి గట్టిగా మార్కులు చదవడం. టెస్టు పెట్టాల్సిందే అయితే ఎవరి ఫలితం వాళ్ల నోట్‌బుక్‌లో ఉండాలి, పోయినసారి తన ఫలితంతోనే పోల్చుకోవాలి.

అతిగా సాయం చేయడం కూడా పొరపాటే. సహాయకులు ఎప్పుడూ పక్కనే ఉంటే తోటిపిల్లలు దగ్గరికి రారు. నాలుగడుగుల దూరంలో ఉండమనండి, పిల్లాడు అడిగినప్పుడు వస్తే చాలు.

ఫలితం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

"అందరూ సంతోషంగా ఉన్నారు" అన్న మీ అభిప్రాయాన్ని నమ్మకండి. నవ్వేవాళ్లు కంటికి ముందు కనబడతారు, పక్కకు తప్పుకునేవాళ్లు కనబడరు. మూడు రకాలుగా చూడండి.

మొదటిది, ముగ్గురిని గమనించడం. పీరియడ్‌కు ముందే మూడు పేర్లు రాసుకోండి: బాగా ఆడేవాళ్లలో ఒకరు, మధ్యస్థంగా ఆడేవాళ్లలో ఒకరు, తప్పించుకునేవాళ్లలో ఒకరు. తోటి టీచరునో, ఆ రోజు ఆడలేని ఒక విద్యార్థినో ఒక్కొక్కరిని మూడేసి నిమిషాలు చూడమనండి. బంతి ఎన్నిసార్లు ముట్టుకున్నారు, ఎంతసేపు కదిలారు, ఎంతసేపు ఊరికే నిలబడ్డారు అన్నది గీతలు గీసి లెక్కపెట్టాలి. మొదటివాడికి ఇరవై గీతలు, మూడోవాడికి రెండే పడితే జట్టులో మనుషుల సంఖ్య తగ్గలేదనో, బంతి సరైనది కాదనో అర్థం. మళ్లీ మూడో అంశానికి వెళ్లండి.

రెండోది, ఊపిరి. పీరియడ్‌లో కనీసం సగం సమయం పిల్లలు ఓ మోస్తరుగా గానీ, అంతకన్నా ఎక్కువగా గానీ శ్రమపడాలి. మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతే ఓ మోస్తరు శ్రమ, రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవాల్సొస్తే గట్టి శ్రమ. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకూ ఇదే పరీక్ష పనిచేస్తుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల ఇలాంటి కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి, వైకల్యం ఉన్న పిల్లలకూ అంతే. ఆ 60 నిమిషాలూ మీ పీరియడ్‌లో రావు. అందుకే పిల్లలు బడి అయిపోయాక కూడా ఆడాలనుకునేలా చేయడం ముఖ్యం.

మూడోది, చీటీ. పదిహేను రోజులకోసారి పేరు రాయకుండా మూడు ప్రశ్నలకు అవును, కాదు అని రాయించండి. ఈ రోజు కొత్తగా ఏదైనా చేయగలిగావా? ఎవరైనా నీకు బంతి ఇచ్చారా, లేదా నీతో మాట్లాడారా? ఇదే ఆట బయట కూడా ఆడాలనుందా? రాయలేని చిన్నపిల్లలైతే మూడు డబ్బాలు పెట్టి గులకరాళ్లు వేయించండి.

మొదటి ప్రశ్నకు "కాదు" ఎక్కువొస్తే సవాలు చాలడం లేదు, లేదా మరీ ఎక్కువైంది. ఏటవాలు తాడు లాంటి ఎంపికలు పెంచండి. రెండోదానికి ఎక్కువొస్తే జట్లు చిన్నవి చేయండి, స్నేహితుల్ని కలపండి. మూడోదానికి ఎక్కువొస్తే మొదటి వారం పిల్లలు రాసిన కాగితాలు మళ్లీ తీయండి. వాళ్లకు ఇష్టమని రాసిన ఆటల్లో మీరింకా ఆడించనిది తప్పకుండా ఒకటైనా ఉంటుంది. వచ్చే వారం ప్లాన్ దానితోనే మొదలుపెట్టండి.